పాపం, ఋణం, ఉసురు: తెలుగు క్రైస్తవ వాఙ్మయంలో పాప నిర్వచనం – రాయలసీమ నేపథ్యంలో ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

ఏది పాపం అన్న ప్రశ్నకు క్రైస్తవ గ్రంథం ఒకే సమాధానం ఇవ్వదు. యోహాను మొదటి పత్రిక మూడవ అధ్యాయం ఆజ్ఞను మీరడమే పాపమంటుంది. యాకోబు పత్రిక నాలుగవ అధ్యాయం చేయదగిన మేలు తెలిసి కూడా చేయకపోవడాన్ని పాపంగా లెక్కిస్తుంది. రోమీయులకు వ్రాసిన పత్రిక పద్నాలుగవ అధ్యాయం విశ్వాసం నుంచి పుట్టని ప్రతి పనినీ పాపమనే అంటుంది. మొదటి నిర్వచనానికి కొలత ఆజ్ఞ; రెండవదానికి విడిచిపెట్టిన కర్తవ్యం; మూడవదానికి మనిషి అంతఃకరణం. ఈ మూడు కొలతలూ తెలుగులోకి వచ్చినప్పుడు వాటికి దొరికిన మాట ఒక్కటే: పాపము. ఆ మాటకు తెలుగునాట అప్పటికే సుదీర్ఘమైన చరిత్ర ఉంది. ఆ చరిత్ర క్రైస్తవుల పాప భావనను ఎలా మలచిందో, ఆ మలుపులో ఏది మరుగున పడిందో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

తెలుగు క్రైస్తవ వాఙ్మయంలో పాపిని, దేవుణ్ణి చూడడం సులభం. పాపం వల్ల నష్టపోయిన మూడవ మనిషిని చూడడం కష్టం. బైబిలు మూలంలో ఆ మూడవ మనిషికి ముఖ్యమైన స్థానం ఉంది. తెలుగు పల్లె భాషలో కూడా అతనికొక మాట ఉంది: ఉసురు. పాపము అన్న సంస్కృత పదం కంటే, ఋణము, ఉసురు అన్న మాటలు బైబిలు పాప భావనలోని ఒక ప్రధానాంశానికి దగ్గరగా ఉన్నాయని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

నల్లమాడ ప్రాంతం: భావాల కూడలి

ఈ పరిశీలనకు నల్లమాడ పరిసరాలు తగిన నేపథ్యం. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలో నల్లమాడ ఒక మండలం. పూర్వం ఇది కదిరి తాలూకా సీమ. కదిరి తాలూకా 1910 వరకు కడప జిల్లాలో ఉండి, ఆ తరువాత అనంతపురం జిల్లాలో చేరింది. పడమర బళ్లారిలో 1810లోనూ, తూర్పున కడపలో 1822లోనూ లండన్ మిషన్ పని మొదలుపెట్టింది. అంతకు నూరేళ్ల ముందే, 18వ శతాబ్ది ప్రారంభంలో, ఫ్రెంచి జెసూట్ల కర్ణాటక మిషన్ పుంగనూరు మొదలుకొని అనంతపురం సీమ ఊళ్ల దాకా విస్తరించింది. అనంతపురం సీమలోని రెడ్డి కుటుంబాలు కొన్ని ఆ కాలంలో క్రైస్తవం స్వీకరించి, తరువాత గుంటూరు ప్రాంతానికి వలస వెళ్లాయి. అదే శతాబ్దిలో మంగళగిరి ఆనందకవి రచించిన వేదాంత రసాయనము క్రీస్తు కథను కావ్యంగా చెప్పింది. క్రైస్తవ కావ్యానికి ఆ పేరు పెట్టడంలోనే ఒక పద్ధతి కనిపిస్తుంది: కొత్త విషయాన్ని ఈ నేల ఎరిగిన మాటలతో చెప్పడం.

ఈ సీమలోనే, కదిరికి సమీపంలోని కటారుపల్లెలో, వేమన సమాధి ఉందని ప్రసిద్ధి. మనస్సు శుభ్రపడనిదే బయటి ఆచారం వ్యర్థమన్నది వేమన పదే పదే చెప్పిన మాట. మార్కు సువార్త ఏడవ అధ్యాయంలో క్రీస్తు చెప్పిందీ ఇంచుమించు అదే: లోపలికి పోయే తిండి మనిషిని అపవిత్రపరచదు, హృదయం నుంచి బయటికి వచ్చేది అపవిత్రపరుస్తుంది. కనుక పాపాన్ని ఆచార భంగంగా కాక అంతరంగ విషయంగా చూడడం ఈ ప్రాంతానికి క్రైస్తవం కొత్తగా తెచ్చిన విషయం కాదు. కొత్తదనం మరెక్కడో వెతకాలి.

పాపము: అనువాద పదం, దాని పూర్వసంస్కారం

హీబ్రూ బైబిలులో పాపానికి ప్రధానంగా మూడు మాటలున్నాయి. ఖట్టాత్ అంటే గురి తప్పడం. పేషా అంటే తిరుగుబాటు. అవోన్ అంటే వంకర, దాని పర్యవసానమైన దోషభారం. కొత్త నిబంధనలోని గ్రీకు మాట హమార్తియాకు కూడా గురి తప్పడమన్నదే మూలార్థం. తెలుగు బైబిలు ఈ భేదాన్ని గుర్తించింది. 51వ కీర్తన ఆరంభంలో అతిక్రమము, దోషము, పాపము అన్న మూడు మాటలను వేరువేరుగా వాడింది. ఇది అనువాదకుల శ్రద్ధకు నిదర్శనం. అయితే ఆ మూడు మాటలూ వెంట తెచ్చుకున్న అర్థాలు వేరు.

అతిక్రమము గీత దాటడం. పేషాలో ఉన్నది రాజుపై ప్రజలు తిరగబడడం వంటి సంబంధ భంగం. అతిక్రమములో కనిపించేది నియమ భంగం. దోషము తెలుగువాడుకలో నైతిక నింద లేకుండానే ఉండగలదు. జాతకంలో దోషం ఉంటుంది, నాగదోషం ఉంటుంది, వాస్తులో దోషం ఉంటుంది. వాటికి శాంతి చేయిస్తే చాలు. ఇక 32వ కీర్తన ప్రారంభంలో, మూలంలో ఎత్తివేయడం, కప్పివేయడం అన్న క్రియలున్న చోట తెలుగు అనువాదం పరిహారము, ప్రాయశ్చిత్తము అన్న మాటలను ఎన్నుకుంది. మొదటిది జ్యోతిషానికి, రెండవది ధర్మశాస్త్రానికి బాగా పరిచితం. దేవుడు చేసే పనిని సూచించే క్రియల స్థానంలో మనిషి జరిపే కర్మలను స్ఫురింపజేసే నామవాచకాలు చేరాయి. అనువాదం తప్పని చెప్పడం దీని ఉద్దేశం కాదు. భాషలో ఉన్న మాటలతోనే అనువాదకుడు పని చేయాలి. కాని పాఠకుడు ఆ మాటలను పాత సంస్కారంతోనే వింటాడు.

పాపము అన్న మాటకు ప్రధాన సంస్కారం పుణ్యంతో జంటగా ఉండడం. పాపపుణ్యాలు ఒక ఖాతాలోని జమాఖర్చుల వంటివి. పాపం పండుతుంది, చేసినవాడే దాని ఫలం అనుభవిస్తాడు, ఈ జన్మలో కాకుంటే మరు జన్మలో. ఈ లెక్కలో ఇప్పుడు కష్టపడుతున్నవాడు ఎప్పుడో తప్పు చేసినవాడు కావాలి. యోహాను సువార్త తొమ్మిదవ అధ్యాయంలో శిష్యులు అడిగినది సరిగ్గా ఈ ప్రశ్నే: ఇతడు గుడ్డివాడుగా పుట్టడానికి పాపం ఎవరిది, ఇతనిదా, ఇతని తల్లిదండ్రులదా? క్రీస్తు ఆ రెండు ప్రత్యామ్నాయాలనూ తోసిపుచ్చాడు. బాధను చూసి పాపాన్ని అనుమానించే తర్కం అక్కడ తెగిపోతుంది. తెలుగు క్రైస్తవ బోధలో జన్మపాపము, కర్మపాపము అన్న విభజన ఏర్పడినప్పుడు, ఆదాము నుంచి సంక్రమించినదానికి మొదటి పేరు, మనిషి స్వయంగా చేసినదానికి రెండవ పేరు స్థిరపడ్డాయి. కర్మ అన్న మాట ఇక్కడ పూర్వజన్మను వదులుకొని కేవలం క్రియగా మారింది. పాత మాటకు కొత్త అర్థం కల్పించిన అరుదైన విజయాల్లో ఇది ఒకటి.

పాపము అన్న మాటకు తెలుగులో ఇంకొక వాడుక ఉంది. కష్టంలో ఉన్నవాణ్ణి చూసి 'అయ్యో పాపం' అంటారు. ఇది తప్పును ఎంచే మాట కాదు, జాలి మాట. దుఃఖాన్ని పాపఫలంగా చూసిన కాలపు అవశేషం ఇందులో ఉండవచ్చు. అయినా నేటి వాడుకలో ఈ పాపం బాధితుడి వైపు తిరిగి ఉంది. యాకోబు పత్రిక చెప్పే పాపం, అంటే మేలు తెలిసి చేయకపోవడం, ఈ జాలికి కార్యరూపం లేనప్పుడే పుడుతుంది. ఎదుటివాణ్ణి చూసి 'పాపం' అని ఊరక సాగిపోయినవాడిది నిజంగానే పాపం. ఈ శ్లేషకు తెలుగు ప్రసంగ సాహిత్యంలో దక్కవలసిన స్థానం దక్కలేదు.

కీర్తనల్లో పాపి: నైచ్యానుసంధానం

తెలుగు క్రైస్తవులు పాపాన్ని గురించి ఎక్కువగా నేర్చుకున్నది పాటల నుంచి. పర్లాకిమిడి ప్రాంతానికి చెందిన పురుషోత్తమ చౌదరి (1803–1890) 1833లో బాప్తిస్మం పొంది, తెలుగులో రచించిన కీర్తనలు నేటికీ ఆంధ్ర క్రైస్తవ కీర్తనల సంపుటిలో సజీవంగా ఉన్నాయి. రాగతాళ నిర్దేశంతో, పల్లవి చరణాల కట్టుతో సాగే ఈ సంప్రదాయం వాగ్గేయకారుల మార్గాన్ని అనుసరించింది. రూపంతో పాటు ఒక భావభంగిమ కూడా అక్కడి నుంచే వచ్చింది. వైష్ణవ భక్తులు దానిని నైచ్యానుసంధానం అంటారు. భక్తుడు తనను అందరికన్నా నీచుడిగా, అధముడిగా చెప్పుకొని దేవుని దయను శరణు వేడడం దాని స్వరూపం. కంచెర్ల గోపన్న దాశరథీ శతకంలో, అన్నమాచార్యుల ఆధ్యాత్మ సంకీర్తనల్లో ఇది విస్తారంగా ఉంది.

క్రైస్తవ కీర్తనలోని పాపి ఈ భంగిమలోనే మాట్లాడతాడు. తాను ఘోరపాపినంటాడు, కఠిన హృదయుణ్ణంటాడు, సిలువ చెంత మోకరిల్లుతాడు. ఈ ఆర్తి నిజమైనది. పాడేవారి కన్నీళ్లూ నిజమైనవి. విమర్శకుడు గమనించవలసినది మరొకటి: ఈ పాపి ఏమి చేశాడో, ఎవరికి చేశాడో కీర్తన చెప్పడం అరుదు. నైచ్యం స్వభావాన్ని వర్ణిస్తుంది, కార్యాన్ని పేర్కొనదు. ఎవరైనా పాడుకోగలగడం వల్ల కీర్తనకు సామూహిక గేయంగా బలం చేకూరింది. ఆ బలంలోనే ఒక సౌకర్యం కూడా ఉంది. కూలి ఎగవేసినవాడూ, కూలి పోగొట్టుకున్నవాడూ ఒకే బల్ల మీద కూర్చొని ఒకే చరణం పాడగలరు. ఇద్దరూ సమానంగా ఘోరపాపులే. దేవుని ఎదుట అది సత్యమే కావచ్చు, కాని వారిద్దరి మధ్య తేలవలసిన లెక్క పాటలో కనిపించదు.

కతోలిక సంప్రదాయంలో ఈ లోటు కొంత తీరింది. పాపసంకీర్తనములో విశ్వాసి తన పాపాలను పేరు పేరునా గురువు ఎదుట చెప్పుకోవాలి. దొంగిలించిన సొమ్ము తిరిగి ఇవ్వాలన్న నియమమూ అక్కడ ఉంది. కాని అది చెవిలో చెప్పే మాట కనుక సాహిత్యంగా మారలేదు.

విడిచిపెట్టిన పనులు: పాపాల పట్టిక

కీర్తన పాపాన్ని స్వభావంగా చూపితే, సంఘజీవితం దానిని పట్టికగా చూపింది. దీనికి స్పష్టమైన ఆధారం రాయలసీమకు ఆనుకొని ఉన్న ఒంగోలు ప్రాంతంలో లభిస్తుంది. అక్కడ అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ 1866 నుంచి పనిచేశాడు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. వారిలో అత్యధికులు మాదిగలు. ఎర్రగుంట్ల పేరయ్య ద్వారా మొదలైన ఈ ఉద్యమంలో చేరినవారికి మూడు నియమాలు ప్రధానమయ్యాయని 1914లో వెలువడిన క్లౌ జీవితకథ చెబుతుంది: ఆదివారం పని చేయరాదు, చచ్చిన గొడ్డు మాంసం తినరాదు, విగ్రహాలను పూజించరాదు.

వేదాంతపరంగా చూస్తే ఈ మూడింటిలో రెండవది వింతగా కనిపిస్తుంది. సువార్తల్లో దానికి ఆధారం లేదు. తిండి మనిషిని అపవిత్రపరచదన్న మార్కు సువార్త బోధ దీనికి వ్యతిరేకంగానే ఉంది. లేవీయకాండం కూడా చచ్చినదానిని తిన్నవాడు స్నానం చేసి సాయంకాలం వరకు అపవిత్రుడై ఉండాలనే అంటుంది. దీన్ని చూసి, సవర్ణుల శుచి భావననే మిషనరీలు పాపంగా మార్చారని తీర్పు చెప్పవచ్చు. ఆ తీర్పులో కొంత నిజముంది. కాని పల్లె ఏర్పాటులో చచ్చిన గొడ్డుకు ఉన్న స్థానం గుర్తు చేసుకుంటే అర్థం మారుతుంది. గొడ్డును ఈడ్చుకుపోవడం, తోలు తీయడం, చెప్పులు, మోట తోలు అందించడం, జాతరలో డప్పు కొట్టడం మాదిగలపై మోపిన విధులు. మాంసం ఆ విధికి ప్రతిఫలం. దానిని తినమనడం ఆ ఏర్పాటులో తమకిచ్చిన స్థానాన్ని నిరాకరించడమే. ఆదివారం పని మానడం యజమాని పిలుపును ఒక రోజైనా కాదనగల హక్కు. విగ్రహపూజ మానడమంటే జాతరలో డప్పు మోయకపోవడం. ఈ విధంగా మూడు నియమాలూ మూడు వెట్టి బంధాలను తాకాయి. రాయలసీమ పల్లెల్లోనూ మాదిగల విధులు ఇటువంటివే కనుక ఈ విశ్లేషణ కదిరి సీమకూ వర్తిస్తుంది.

ఇక్కడ పాపం పేరుతో జరిగినది విముక్తి. అయితే పట్టికకు ఒక ప్రమాదం ఉంది. తొలి తరానికి విముక్తి ఇచ్చిన నియమం తరువాతి తరాలకు గుర్తింపు చిహ్నంగా మాత్రమే మిగలవచ్చు. సారా, సినిమా, బొట్టు, నగలు, ప్రసాదం అని పట్టిక పెరుగుతూ పోయిన సంఘాలు తెలుగునాట అనేకం. జాతర మాంసం, ప్రసాదం విషయంలో పౌలు కొరింథీయులకు చెప్పిన సమాధానం గమనించదగినది. విగ్రహం వట్టిదని తెలిసినవాడికి ఆ తిండి హాని చేయదు. కాని అది చూసి బలహీనుడైన సోదరుడి మనస్సాక్షి దెబ్బతింటే, తినేవాడు ఆ సోదరుడికి, తద్ద్వారా క్రీస్తుకు విరోధంగా పాపం చేసినవాడవుతాడు. పౌలు చూసినది పళ్లెంలోని మెతుకును కాదు, పక్కనున్న మనిషిని. పట్టికలో ఆ మనిషికి చోటు లేదు.

ఋణం: ప్రభువు ప్రార్థనలో మూడు మాటలు

ఆ మనిషి కనిపించే చోటు తెలుగు క్రైస్తవులందరూ కంఠస్థంగా ఎరిగిన ప్రభువు ప్రార్థనలో ఉంది. మత్తయి సువార్త ఆరవ అధ్యాయంలో తెలుగు బైబిలు క్షమాపణ విన్నపానికి ఋణములు, ఋణస్థులు అన్న మాటలు వాడింది. ప్రొటెస్టెంటు ఆరాధనలో జనం నోట వినిపించేది మాత్రం అపరాధములు. పాత కతోలిక జపంలో ఆ స్థానంలో అప్పులు అన్న అచ్చ తెలుగు మాట ఉంది. లూకా సువార్త పదకొండవ అధ్యాయంలో దేవుని ఎదుట పాపములు అని, తోటి మనిషి విషయంలో అచ్చియుండడం అని ఉంది. అచ్చియుండడమంటే అప్పుపడి ఉండడం. నేటి వాడుకలో ఈ క్రియ లేదు. 'మాకు' అన్న మాటతో సంధి కలిసినప్పుడు దానిని 'కచ్చ' అని విని, పగ అన్న అర్థం తీసుకునే అవకాశం ఉంది. అలా అప్పు పగగా మారిపోతుంది.

క్రీస్తు మాట్లాడిన అరామిక్ భాషలో హోబా అన్న మాటకు అప్పు, పాపం అన్న రెండు అర్థాలూ ఉన్నాయి. మత్తయి గ్రీకులో అప్పునే నిలిపాడు. లూకా ఒకవైపు పాపం, మరొకవైపు అప్పు ఉంచాడు. తెలుగు ఆరాధన ఆ రెండింటినీ అపరాధముగా సమం చేసింది. అపరాధం న్యాయస్థానపు మాట. నేరస్థుడు, న్యాయాధిపతి ఉంటే చాలు. అప్పుకు ఇచ్చినవాడు, పుచ్చుకున్నవాడు తప్పనిసరి. ఋణం అన్న సంస్కృత పదానికి కూడా ఇక్కడ సొంత వారసత్వం ఉంది. దేవఋణం, ఋషిఋణం, పితృఋణం కర్తవ్యాలతో తీరేవి. సువార్తలోని ఋణం తీర్చలేనిది, క్షమింపబడవలసినదే.

వాన మీద ఆధారపడి వేరుశనగ వేసే నల్లమాడ ప్రాంతపు రైతుకు అప్పు రూపకం కాదు. వాన తప్పితే విత్తనపు అప్పు, ప్రోనోటు, వడ్డీ అతని నిత్యజీవితం. ఆ నేల మీద ఈ ప్రార్థనను అప్పు అన్న మాటతో చెప్పినప్పుడు అర్థం పదునెక్కుతుంది. అప్పు తీసుకున్నవాడి నోట అది ఊరట. అప్పు ఇచ్చినవాడి నోట అది ఒక ఒప్పందం. మత్తయి పద్దెనిమిదవ అధ్యాయంలోని దాసుడి కథ దీనికి వ్యాఖ్యానం. పదివేల తలాంతుల అప్పు రద్దయిన దాసుడు, తనకు నూరు దేనారములు అచ్చియున్నవాణ్ణి గొంతు పట్టుకున్నాడు. దేనారము ఒక రోజు కూలి అని అదే సువార్త ఇరవయ్యవ అధ్యాయం వల్ల తెలుస్తుంది. నూరు రోజుల కూలి పేదవానికి చిన్న మొత్తం కాదు. కాని రద్దయిన అప్పు పక్కన అది లెక్కకు రాదు. క్షమాపణ పొందినవాడు తోటివాడి గొంతు వదలకపోవడమే ఆ కథలో పాపం.

ఉసురు: తెలుగు పలుకుబడిలో బాధితుడు

ఋణంలో ఇచ్చినవాడు కనిపిస్తాడు. దోచుకోబడినవాడు కనిపించే మాట తెలుగులో ఉసురు. ఉసురు అంటే ఊపిరి, ప్రాణం. అన్యాయానికి గురైనవారి ఉసురు అన్యాయం చేసినవారికి తగులుతుందని పల్లెల్లో నమ్మకం. పాపం చేసినవాడి ఖాతాలో చేరుతుంది. ఉసురు నష్టపోయినవాడి గుండెలో నుంచి బయలుదేరుతుంది. దాన్ని గంగలో మునిగి కడుక్కోలేరు. నష్టపోయినవాడి కడుపు చల్లబడాలి.

బైబిలులో ఈ భావన ఎన్నో చోట్ల ఉంది. ఆదికాండం నాలుగవ అధ్యాయంలో హేబెలు రక్తం నేలలో నుంచి మొరపెడుతుంది. యాకోబు పత్రిక అయిదవ అధ్యాయంలో, కోత కోసినవారికి బిగబట్టిన కూలి తానే కేక వేస్తుంది. ఆ కేక దేవుని చెవిన పడుతుంది. లేవీయకాండం ఆరవ అధ్యాయం, అన్యాయంగా తీసుకున్న సొమ్మును అయిదవ వంతు అదనంగా కలిపి సొంతదారుకు ముందు ఇచ్చి, ఆ తరువాతే బలి అర్పించాలంటుంది. లూకా సువార్త పంతొమ్మిదవ అధ్యాయంలో సుంకరి జక్కయ్య తాను అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగి ఇస్తానన్నాడు. ఆ ఇంటికి రక్షణ వచ్చిందన్న ప్రకటన ఆ మాట తరువాత వెలువడింది. జక్కయ్య నోట ఘోరపాపినన్న మాట లేదు. అతడు లెక్క చెప్పాడు.

రెండింటి మధ్య భేదాన్నీ గుర్తించాలి. తెలుగు ఉసురు శాపంగా తానే పని చేస్తుంది. బైబిలులోని మొర దేవుని చెవికి చేరి ఆయన తీర్పును కోరుతుంది. ఉసురుకు క్షమాపణ తెలియదు. అయినా పాపానికి బాధితుడే సాక్షి అన్న విషయంలో రెండూ ఏకీభవిస్తాయి. ఉపన్యాసాల్లో, పాటల్లో పాపము అన్న మాట పొందిన ప్రాచుర్యంతో పోలిస్తే ఈ పలుకుబడికి దక్కిన స్థానం స్వల్పం.

ఈ లోటును పూరించినది సంఘం వెలుపలి నుంచి వినిపించిన ఒక క్రైస్తవ కవి గొంతు. గుర్రం జాషువ (1895–1971) 1941లో వెలువరించిన గబ్బిలం క్రైస్తవ కావ్యం కాదు. అందులోని అరుంధతీసుతుడు తన మొరను కాశీ విశ్వేశ్వరుడికి పంపుతాడు. తన దైన్యానికి కర్మ కారణమన్న సిద్ధాంతాన్ని అతడు నిలదీస్తాడు. యోహాను సువార్తలో శిష్యులు అడిగిన ప్రశ్నకు ఇది గుడ్డివాడే స్వయంగా చెప్పిన జవాబు వంటిది. ఇక్కడ మాట్లాడేవాడు నైచ్యం పాడడు. తనను నీచుడన్నది ఇతరులు కనుక, ఆ మాటను మళ్లీ తన నోట పలకడం అతనికి భక్తి కాదు. నైచ్యానుసంధానం ఎవరికి భూషణమో, ఎవరికి గాయమో ఈ కావ్యం వల్ల తేటపడుతుంది. సమాజం కింది మెట్టున నిలబెట్టినవాడి చేత తాను అధముణ్ణని పాడించేటప్పుడు, ఆ పాట ఏ తప్పును ఒప్పుకుంటున్నదో, ఏ తప్పును దాస్తున్నదో పరీక్షించక తప్పదు.

ముగింపు

తెలుగు క్రైస్తవ వాఙ్మయంలో పాపం నాలుగు రూపాల్లో కనిపిస్తుంది. అనువాదంలో అది ఖాతా, కీర్తనలో నైచ్యం, సంఘ నియమాల్లో పట్టిక, ప్రభువు ప్రార్థనలో ఋణం. మొదటి రెండింటిలో పాపి, దేవుడు మాత్రమే ఉన్నారు. మూడవది ఒక కాలంలో వెట్టిని తెంచి, తరువాత చిహ్నంగా కుదించుకుపోయింది. నాలుగవదానిలో తోటి మనిషి ఉన్నాడు. కాని వాడుకలో అపరాధము అన్న మాట అతణ్ణి మరుగుపరచింది. ఆ మనిషికి ఈ నేల ఇచ్చిన పేరు ఉసురు.

కనుక తెలుగు క్రైస్తవ రచనను అంచనా వేసేటప్పుడు అందులోని పశ్చాత్తాపం ఎంత ఆర్ద్రంగా ఉందన్నది ఒక్కటే ప్రమాణం కారాదు. పాపం వల్ల నష్టపోయిన మనిషికి ఆ రచనలో పేరుందా, మాటుందా, అతనికి తిరిగి ముట్టవలసినది ముట్టిందా అన్నవి కూడా అడగదగిన ప్రశ్నలు. ఈ ప్రశ్నలకు జక్కయ్య ఇల్లు ఒక సమాధానం. కటారుపల్లె నుంచి నల్లమాడ దాకా ప్రతి పల్లెలో వినిపించే ఉసురు అన్న మాట ఆ సమాధానాన్ని తెలుగులో చెప్పడానికి సిద్ధంగా ఉంది.